పన్నెండో వరుస, ఎడమ చివర

మా నాయనకు నిద్రపోవడం ఉద్యోగం.
నాంపల్లి నుమాయిష్‌లో, జనవరి చలిలో,
రేకుల షెడ్డు కింద
ఆటకు ఇరవై రూపాయలు.
పన్నెండో వరుస, ఎడమ చివర కుర్చీ.
"ఎవరైనా ఒక్కరు రండి" అని ప్రొఫెసర్ దిల్‌దార్ పిలవగానే
ఎవరో పరాయివాడిలా సిగ్గుపడుతూ లేచేవాడు.
మూడు లెక్కపెట్టేలోపు మెడ వాల్చేవాడు.
నిమ్మకాయను బత్తాయి అనుకుని నమిలేవాడు,
పెదవి కూడా వంకర పోకుండా.

నడవలో నేను, పల్లీల పొట్లంతో,
జనంతో పాటు చప్పట్లు కొట్టేదాన్ని.
పళ్ళు పులిసి ఆ రాత్రి అన్నం తినలేదని
బడిలో ఎవరికీ చెప్పలేదు.

అందుకే
హిప్నాటిజం అన్న మాట వింటే
నా నాలుక మీద నీళ్ళూరుతాయి, పుల్లగా.

కోఠిలో మందుల దుకాణం నాది.
నేను నమ్మేది రేకు వెనక అచ్చైన తేదీని.
మిల్లీగ్రాములను.

చక్కెర జబ్బు నాయన కుడికాలిని మోకాలిదాకా తీసుకుంది.
తీసుకుపోయిన కాలి బొటనవేలిని
రాత్రి రెండింటికి ఎవరో పట్టుకారుతో నులుముతారట.
దుప్పటి ఎత్తి చూపిస్తాను,
ఏమీ లేదు నాయనా, చూడు.
"లేదని నాకు తెల్వదా బిడ్డా?
ఆ నొప్పికి చెప్పు."

దుకాణంలో ఉన్నవన్నీ ఇచ్చాను.
కొన్ని మత్తునిచ్చాయి, కొన్ని మలబద్ధకాన్ని.

హిమాయత్‌నగర్‌లో ఇరానీ హోటల్ పైన
డాక్టర్ నుస్రత్ గది.
వేలాడే గడియారం లేదు, గిర్రున తిరిగే చక్రం లేదు.
కూలరు, పోయిన నెల దగ్గరే ఆగిన క్యాలెండరు,
ఒక వాలుకుర్చీ.
కౌంటర్ అవతల నిలబడ్డ గిరాకీలా అడిగాను,
ఇది వైద్యమా, గారడీనా?

ఆమెకు కోపం రాలేదు.
"కొందరికి పనిచేస్తుంది. కొందరికి బొత్తిగా చేయదు.
ఎందుకో పూర్తిగా తెలుసంటే అబద్ధమవుతుంది.
మాత్రలు మానొద్దు.
దీంతో ఎవరైనా పోయిన జన్మ చూపిస్తామంటే
పర్సు గట్టిగా పట్టుకుని మెట్లు దిగండి."

నాయన నవ్వాడు.
"అమ్మా, నేను ముప్పై ఏండ్లు పడుకున్నోన్ని.
ఈ కిటుకులన్నీ నాకెరుకే."
"అయితే ఈ గదిలో సీనియర్ మీరే" అంది.

ఆమె మూడు లెక్కపెట్టలేదు.
కింద హోటల్లో సాసర్ల చప్పుడు,
సిగ్నల్ దగ్గర ఆటోల హారన్లు,
వాటిని కూడా ఉండనివ్వమంది.
చల్లటి నీళ్ళున్న తొట్టిలో పాదం పెట్టమంది.
ఏ పాదం అని నాయన అడగలేదు.

నేను ఎడమ కనురెప్పనే చూస్తున్నాను.
నటిస్తే అది వణుకుతుంది.
నుమాయిష్ మొత్తంలో ఆ సంగతి నా ఒక్కదానికే తెలుసు.

వణికింది.

దొరికావు నాయనా, అనుకున్నాను.
అంతలో ఆగింది.
అది ఆగడం నేను ఏ ఆటలోనూ చూడలేదు.

బస్సులో అడిగాను, నిజం చెప్పు.
చాలాసేపు కిటికీలోంచి మెట్రో స్తంభాలు చూశాడు.
"మొదలు నటించిన.
యాడ బంద్ చేసిన్నో యాదికి లేదు."

ఇప్పుడు పది రాత్రుల్లో నాలుగు ఇలా గడుస్తాయి:
నొప్పి వస్తుంది,
కానీ మంచమెక్కకుండా గడప దగ్గర కూర్చుంటుందట.
మిగతా ఆరూ పట్టుకారువే.
లెక్కల పుస్తకంలో రాద్దామని కూర్చున్నాను.
మోతాదు ఎంత? కంపెనీ ఏది?
గడువు తేదీ దగ్గర పెన్ను ఆగిపోయింది.

దిల్‌దార్ ఇచ్చిన ఇరవై రూపాయలు అబద్ధానివి,
నుస్రత్ తీసుకున్న ఎనిమిది వందలు దేనివో
ఇంకా తేల్చుకోలేదు.

పొద్దున ఉప్మా మీద నిమ్మచెక్క పిండుకున్నాడు.
మిగిలిన తొక్కను నోట్లో వేసుకుని
కళ్ళు, బుగ్గలు, నొసలు, అన్నీ ఒక్కచోటికి ముడిచి
"అబ్బ, పులుపే!" అన్నాడు
పన్నెండో వరుసదాకా వినబడేలా.